61 ఏళ్ళ బంగాళాదుంపల రైతు 875 కిలోమీటర్ల రేస్ గెలిచాడట, నిజమేనా?

మెల్లగా_పరిగెడతా అడిగారు:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటా, వయసు 44, మూడేళ్ళ నుంచి రన్నింగ్ చేస్తున్నా. చేస్తున్నా అంటే మా గ్రూప్‌లో అందరికంటే చివర వచ్చేది నేనే, నేనొచ్చేసరికి అరటిపళ్ళు అయిపోయి అట్టపెట్టె మాత్రమే ఉంటుంది, వాచ్‌మన్ కూడా "ఇంకా ఉన్నారా సార్" అని అడుగుతాడు.

విషయం ఏంటంటే మొన్న మా బాబాయి ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ పెట్టాడు, "నిన్ను చూసి గుర్తొచ్చాడురా" అని నన్ను ట్యాగ్ చేసి మరీ. ఆస్ట్రేలియాలో క్లిఫ్ యంగ్ అని ఒక రైతు ఉండేవాడంట, 61 ఏళ్ళు, సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా 875 కిలోమీటర్ల పరుగు పందేనికి గమ్‌బూట్లు, అదే బురదలో వేసుకునే రబ్బరు బూట్లు, వేసుకుని వచ్చాడంట, అందరూ నవ్వారంట, రాత్రి పూట పడుకోవాలని ఆయనకి ఎవరూ చెప్పలేదంట, దాంతో ఐదు రోజులు కన్ను మూయకుండా పరిగెత్తి రికార్డు బద్దలుకొట్టి గెలిచాడంట, ఇచ్చిన డబ్బులు కూడా వద్దన్నాడంట. చివర్లో మామూలే, "షేర్ చేయండి, మీ పిల్లలకి వినిపించండి".

చదవగానే కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజం. కానీ మా బాబాయి పంపేవాటిలో నిమ్మకాయతో కిడ్నీ రాళ్ళు కరిగించేవి కూడా ఉంటాయి కాబట్టి నమ్మాలంటే భయం. ఇందులో ఎంత నిజం, ఎంత మసాలా? ఇంకో డౌట్, అంత మెల్లగా పరిగెత్తేవాడు ప్రాక్టీస్ చేసిన కుర్రాళ్ళని ఎలా దాటాడు? మా ఆవిడైతే "పడుకోకుండా ఉండటమే గొప్పైతే మీకూ కప్పు ఇవ్వాలి, రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తారుగా" అంది.

ఓట్వే_ఘాట్‌రోడ్ రాశారు:

మెల్‌బోర్న్ నుంచి, పదకొండేళ్ళుగా ఇక్కడే. బ్రదర్, మీ బాబాయి గారికి ఈసారికి పాస్ మార్కులు వేసేయొచ్చు, ముప్పావు వంతు నిజమే.

మనిషి నిజం. పూర్తి పేరు ఆల్బర్ట్ ఎర్నెస్ట్ క్లిఫర్డ్ యంగ్, పుట్టింది 1922లో. ఊరు బీచ్ ఫారెస్ట్, విక్టోరియాలో ఓట్వే కొండల్లో ఉంటుంది. పేరు చూసి సముద్రం ఒడ్డు అనుకోకండి, అది బీచ్ చెట్ల పేరు, నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పిల్లలకి ఈత బట్టలు కూడా సర్దాను, అక్కడ చూస్తే పొగమంచు, సన్న జల్లు, ఆకాశాన్ని తాకే యూకలిప్టస్ చెట్లు. మన తెలుగువాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నా రాగానే గ్రేట్ ఓషన్ రోడ్ తీసుకెళ్ళి సముద్రంలో నిలబడ్డ ట్వెల్వ్ అపాజిల్స్ రాళ్ళు చూపించి తీసుకొచ్చేస్తారు కదా, అక్కడి నుంచి కొంచెం లోపలికి తిరిగితే ఈ ఊరు. క్లిఫ్ యంగ్ గుర్తుగా గమ్‌బూటు ఆకారంలో ఒక స్మారకం పెట్టారు, మా నాన్నగారు దాన్ని చూసి "ఈ దేశంలో చెప్పుకి కూడా విగ్రహమా" అన్నారు, కథ చెప్పాక మాత్రం వెనక్కి వెళ్ళి దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

రేస్ కూడా నిజం, 1983లో మొదటిసారి పెట్టారు. సిడ్నీలో పారామట్టా వెస్ట్‌ఫీల్డ్ మాల్ దగ్గర మొదలు, మెల్‌బోర్న్‌లో డాంకాస్టర్ వెస్ట్‌ఫీల్డ్ దగ్గర ముగింపు. స్పాన్సర్ ఎవరో చెప్పక్కర్లేదు. నేను ప్రతి ఆదివారం కూరగాయలకి పోయేది ఆ డాంకాస్టర్ వైపే, పార్కింగ్‌కి చోటు దొరక్క మూడో అంతస్తులో గుండ్రంగా తిరుగుతున్నప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

ఆయన టైమ్ 5 రోజుల 15 గంటల 4 నిమిషాలు. అంతకు ముందు సిడ్నీ మెల్‌బోర్న్ మధ్య ఎవరు పరిగెత్తినా ఉన్న రికార్డు కంటే దాదాపు రెండు రోజులు తక్కువ. రెండో వాడు వచ్చేసరికి గంటలకి గంటలు గడిచిపోయాయి. ఇంకో సంగతి మీ ఫార్వర్డ్‌లో ఉండి ఉండదు, ఆ రేస్ పూర్తి చేసింది ఆరుగురు, ఆ ఆరుగురూ పాత రికార్డు దాటినవాళ్ళే.

కట్టుడు పళ్ళు తీసేసి వచ్చాడు, పరిగెత్తేటప్పుడు టకటకమని కొట్టుకుంటాయని ఆయనే చెప్పాడు. స్టార్టింగ్ లైన్ దగ్గర బోసినోటితో, పొలం పనికి వేసుకునే ఓవరాల్స్‌తో 61 ఏళ్ళ మనిషి నిలబడితే విలేకరులు నవ్వకుండా ఉంటారా, నవ్వారు.

ఇప్పుడు మసాలా సంగతి. "ఏమీ తెలియని అమాయకుడు" అన్నది మాత్రం శుద్ధ తప్పు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆయన ముందు నుంచీ పరిగెత్తేవాడే. ముందటి ఏడాది, అంటే 1982లో, వెయ్యి మైళ్ళ ప్రపంచ రికార్డు కొట్టాలని కోలాక్ అనే ఊళ్ళో పార్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టి 805 కిలోమీటర్లు దాటాక ఆపేశాడు. 805 కిలోమీటర్లు పరిగెత్తి ఓడిపోయిన మనిషి అండి, 875 అంటే ఏంటో ఆయనకి తెలియదా? వాట్సాప్‌లో కథ బాగా పండాలంటే రైతు అనేవాడు బుర్ర లేని మంచివాడు అయి ఉండాలి, అంతే.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్ రాశారు:

అడిగిన రెండో ప్రశ్నకి నేను చెప్తాను, ఇది ఏడో తరగతి లెక్క.

875 కిలోమీటర్లని 135 గంటలతో భాగించండి, గంటకి ఆరున్నర వస్తుంది. ఆరున్నర అంటే ఏమిటి? పొద్దున్న పార్కులో షుగర్ పేషెంట్లు చేతులూపుకుంటూ గట్టిగా నడిచే స్పీడు కంటే ఒక వీసం ఎక్కువ. మెచ్చుకోవాల్సింది స్పీడుని కాదు.

ఉదాహరణకి ఒక కుర్రాడు గంటకి 8 చొప్పున 18 గంటలు పరిగెత్తి 6 గంటలు పడుకున్నాడు అనుకోండి, రోజుకి 144. ఇంకొకడు గంటకి 7 చొప్పున 22 గంటలు కదులుతూ రెండు గంటలే ఆగాడు, 154. మొదటి రోజు పగలంతా కుర్రాడే ముందు, జనం చప్పట్లు కుర్రాడికే. తెల్లారేసరికి ముసలాయన ముందు. క్లిఫ్ యంగ్ విషయంలో జరిగింది కూడా ఇదే, మొదటి పగలు వెనక, మొదటి రాత్రి వాళ్ళంతా పడుకున్నప్పుడు దాటాడు, ఆ తర్వాత మళ్ళీ ఎవరికీ అందలేదు. ఆయన ఐదు రోజులూ అసలు కన్ను మూయలేదన్నది మాత్రం అతిశయోక్తి, పడుకున్నాడు, కానీ మిగతావాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ.

875 ఎంత దూరమో తెలియాలంటే హైదరాబాద్ నుంచి బయలుదేరి విజయవాడ, రాజమండ్రి, విశాఖ, శ్రీకాకుళం అన్నీ దాటి ఇచ్ఛాపురం పొలిమేర దాకా అనుకోండి, సుమారుగా. నేను ఆ దారిలో బస్సులో పోతేనే నడుం పట్టేసింది.

కటాఫ్_బాధితుడు రాశారు:

మాస్టారూ లెక్క కరెక్టే గానీ పేపర్ మీద తెల్లవారుజాము మూడింటికి ఏమవుతుందో ఉండదు 🙂

రెండేళ్ళ కింద నేను 12 గంటల స్టేడియం రన్ ఒకటి ట్రై చేశా. పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు, అంతా నా స్వయంకృతమే. సాయంత్రం ఆరింటికి మొదలు, 400 మీటర్ల ట్రాక్, తిరిగిందే తిరగడం. పది దాకా పెళ్ళికొచ్చినట్టు ఉంది, పాటలు, సెల్ఫీలు. పన్నెండుకి ఎడమ కాలు చిటికెనవేలి పక్కన బొబ్బ మొదలైంది, ఒంటిగంటకి అది పగిలి సాక్స్‌కి అంటుకుపోయింది, మా బావమరిది స్టీలు డబ్బాలో పెరుగన్నం తెచ్చి నిమ్మకాయ ఊరగాయ ముక్క నోట్లో పెడితే ఏడుపొచ్చింది అంత బాగుంది. రెండున్నరకి లేన్ గీత పాములాగా కదలడం మొదలైంది, నిజంగానే కాలు పక్కకి తీసి వేశా. మూడింటికి "ఐదు నిమిషాలు" అని కుర్చీలో కూర్చున్నా. లేచేసరికి తెల్లారింది, బావమరిది నా మీద దుప్పటి కప్పి ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు.

ఒక్క రాత్రికే ఇది నా కథ, ఆయన ఐదు రాత్రులు. అందుకే నాకు ఆయన అంటే దణ్ణం.

ఇంక ఆ పరుగు తీరు గురించి ఎవరూ చెప్పలేదు. ఆయన పరుగుని పరుగు అని కూడా అనలేం, పాదం నేలకి రాసుకుంటున్నట్టు, పైకి లేపీ లేపనట్టు, చేతులు వేలాడేసుకుని చిన్న చిన్న అడుగులు. మా అమ్మమ్మ హవాయి చెప్పులు జారిపోకుండా వంటింట్లోంచి గుమ్మం దాకా పరిగెత్తినట్టు ఉంటుంది. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది, కానీ ఒళ్ళు పైకీ కిందకీ ఎగరదు కాబట్టి మోకాలి మీద దెబ్బ తక్కువ, శక్తి ఖర్చు తక్కువ. తర్వాత అల్ట్రా రన్నర్లు, అంటే మారథాన్ కంటే ఎక్కువ దూరం పరిగెత్తేవాళ్ళు, కొంతమంది అదే పట్టుకున్నారు, దాన్ని ఇప్పటికీ యంగ్ షఫుల్ అనే అంటారు. పందెంలో ఆయన్ని చూసి నవ్వింది ఆ నడక చూసే, చివరికి ఆయన పేరు మిగిలింది ఆ నడకకే.

ప్రశ్న అడిగిన అన్నగారూ, మీరు మెల్లగా పరిగెడతా అని పేరు పెట్టుకున్నారు కదా, మార్చకండి.

టైమ్‌పాస్_బాబ్జీ రాశారు:

అంతా బానే ఉందండి గానీ ఒక్క మాటంటే కొడతారేమో. అది మొదటి సారి పెట్టిన రేసు, అసలు గట్టోళ్ళు రాలేదు. గ్రీసు నుంచి యియానిస్ కూరోస్ అని వచ్చాక 1985లో ఇంకా ఎక్కువ దూరం ఐదు రోజుల ఐదు గంటల్లో కొట్టేశాడు. రికార్డు రికార్డు అంటున్నారు, రెండేళ్ళు కూడా నిలబడనిదానికి ఇంత సీనెందుకండీ.

ఓట్వే_ఘాట్‌రోడ్ రాశారు:

బాబ్జీ గారూ కొట్టం లెండి, ఫ్యాక్ట్ ఫ్యాక్టే. కూరోస్ లాంటివాడు ఆ ఆటలోనే మళ్ళీ పుట్టలేదు, ఆయనతో ఎవరినీ పోల్చలేం. కానీ కూరోస్‌కి అప్పుడు 29, క్లిఫ్‌కి 61.

రికార్డుదేముంది, కొట్టడానికే ఉంటుంది. ఇంగ్లండ్ రన్నర్ రోజర్ బానిస్టర్ 1954లో ప్రపంచంలో మొదటిసారి మైలుని నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాడు, మెడికల్ స్టూడెంట్, 3:59.4, ఆ రికార్డు నెలన్నరే ఉంది, ఆస్ట్రేలియా రన్నర్ జాన్ లాండీ పగలగొట్టాడు. లాండీ టైమ్ ఎంతో మనలో ఎంతమందికి తెలుసు?

మెల్లగా_పరిగెడతా రాశారు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మాస్టారి లెక్క మా ఆవిడకి చూపించా, "అంటే మెల్లగా పోయేవాళ్ళు రాత్రంతా పోవాలి, మీరు మెల్లగానూ పోతారు, పడుకోనూ పడుకుంటారు" అంది, పాయింటే.

డబ్బుల సంగతి ఎవరైనా చెప్పండి, అది నిజమా? నాకు అసలు గుచ్చుకుంది అదే.

ఓట్వే_ఘాట్‌రోడ్ రాశారు:

అది నిజం. ప్రైజ్ పదివేల ఆస్ట్రేలియన్ డాలర్లు. 1983లో అది చిన్న మొత్తం కాదు, అందులోనూ దుంపలు అమ్ముకునే మనిషికి. ప్రైజ్ ఉందన్న సంగతే తెలియదన్నాడు, మిగతా ఐదుగురూ నాతో సమానంగా కష్టపడ్డారు కదా అని ఆ ఐదుగురికే పంచేశాడు, తను ఉంచుకోలేదు.

నాకు ఇక్కడ అర్థమైంది ఒకటుంది, తప్పైతే చెప్పండి. రేస్ ముందు నవ్విన విలేకరుల ముందే, రేస్ తర్వాత, మైకులన్నీ ముఖం మీద పెట్టినప్పుడు కూడా ఆ మనిషి మాట మారలేదు. ఓడిపోయినప్పుడు అణకువగా ఉండటం మనందరికీ వచ్చు, వేరే దారి లేదు కాబట్టి. అందుకే "అమాయకుడు, ఏమీ తెలియదు" అంటే నాకు మండుతుంది అన్నది. తెలియక వదిలేస్తే అది మంచితనం కాదు కదా, ఆరుగురం రికార్డు దాటాం అని తెలిసిన మనిషి కాబట్టే పంచాడు.

తర్వాత కూడా పరిగెడుతూనే ఉన్నాడు. 1997లో 75 ఏళ్ళప్పుడు ఇల్లు లేని పిల్లల కోసం విరాళాలు పోగేయాలని ఆస్ట్రేలియా చుట్టూ 16,000 కిలోమీటర్లు బయలుదేరాడు, 6,520 దాకా పోయాడు, వెంట ఉన్న ఒకే ఒక్క సహాయకుడికి ఒంట్లో బాగాలేకపోతే ఆపేశాడు. 2003లో పోయాడు. మాంసం మానేసి అప్పటికి ముప్ఫై ఏళ్ళు, ఇది మా నాన్నగారి కోసం చెప్తున్నా, ఆయన ఆ ఒక్క పాయింటు పట్టుకుని మా పిల్లల చేత చికెన్ మాన్పించాలని చూశారు.

టైమ్‌పాస్_బాబ్జీ రాశారు:

సరే ఒప్పుకున్నాం అండి. ఐదుగురికి పంచాడంటే తలకి రెండు వేలు. మా ఊళ్ళో క్రికెట్ టోర్నమెంటుకి వచ్చిన అయిదువేల కోసం పదకొండు మంది రెండేళ్ళు మాటల్లేవు. ఆ డబ్బులు కూడా చివరికి డీజే వాడికిచ్చేశారు.

జపాన్‌లో యూకీ కవౌచీ అని ఒకాయన ఉన్నాడు, ఆయన గురించి కూడా చదవండి, స్కూల్ ఆఫీసులో గవర్నమెంటు గుమాస్తాగిరీ చేసుకుంటూ 2018లో బోస్టన్ మారథాన్ గెలిచేశాడు, గడ్డకట్టే చలి, ఎదురుగాలి, కుంభవృష్టి, పెద్ద పెద్ద ఆటగాళ్ళు మధ్యలో మానేసి వెళ్ళిపోయారు, ఈయనకి వానంటే ఇష్టమట. 2 గంటల 20 నిమిషాల లోపు వందకి పైగా మారథాన్లు చేశాడు, అలాంటి లెక్క ఇంకెవరికీ లేదు. మనం ఆఫీసుంది అని వాకింగ్ మానేస్తాం.

పాలమూరు_గొంగడి రాశారు:

ఇంత సేపు చదివిన, అసలు ముచ్చట ఎవ్వరూ పట్టుకోలే. గొర్లు.

ఆయనకు రెండు వేల ఎకరాలు, రెండు వేల గొర్లు ఉండెనట, గుర్రాలు ట్రాక్టర్లు కొనే తాహతు లేక చిన్నప్పటి సంది ఉరికే మంద మళ్ళిచ్చెటోడట, తుఫాను వస్తుందంటే రెండు మూడు దినాలు ఒక్క తీరుగ ఉరుకుడేనట. ఇది రేసుకు ముందుగాలే పేపరోళ్ళకు చెప్పిండు. గమ్‌బూట్ల ముచ్చట గూడ గా గొర్ల యెంబడి ఉరికినప్పటిదే. రేసులో గూడ తుఫాను ముంగట గొర్లను తోలుతున్న అని మనసుల అనుకుంట ఉరికిన అని తర్వాత చెప్పిండు.

మాది గొర్ల ఇల్లే. నేను బెంగళూరుల సాఫ్ట్‌వేర్ గానీ మా తాత యాభై ఏండ్లు మందతోని తిరిగిండు. మా పాలమూరు దిక్కు ఎండకాలం గడ్డి ఉండదు, నీళ్ళు ఉండవు, గొర్లను తోలుకొని కృష్ణ దిక్కు, ఇంకా కిందికి కోస్తా దిక్కు నెలలకు నెలలు వలస పోతరు. కోతలైన పొలంల రాత్రి మంద పెడితే ఎరువు అయితదని రైతు వడ్లో పైసలో ఇస్తడు. రాత్రి మొత్తం తోడేలు భయం, దొంగల భయం. మా తాత పండుకునేది నేను సక్కగ ఎన్నడు చూడలే, గొంగడి తల మీదికెల్లి కప్పుకొని కట్టెను గదుమ కింద పెట్టుకొని కూసుండే కునుకు తీస్తడు, గొర్రె దగ్గినా కండ్లు తెరుస్తడు. మళ్ళ తెల్లారంగ నడుచుడు. ఎన్ని కిలోమీటర్లు అని ఎవ్వడు లెక్క పెట్టలే.

అందుకే రాత్రి పండుకోకుండ ఎట్ల ఉరికిండు అని మీరు పరేషాన్ అయితున్నరు గానీ గొర్లు కాసెటోనికి అది వింత కాదు. ఐదు దినాల శిక్షణ కాదు అది, అరవై ఏండ్లది.

మెల్లగా_పరిగెడతా రాశారు:

అన్నా, ఇది చదివి రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నా. తాతగారు ఉన్నారా? ఆయనకి ఈ కథ చెప్పారా?

పాలమూరు_గొంగడి రాశారు:

ఉన్నడు, ఎనభై దాటినయి, ఇప్పుడు ఇంటి ముంగట గద్దె మీద కూసుంటడు, మందను మా చిన్నాయిన చూస్తుండు. నిన్న రాత్రి ఫోన్ చేసి మొత్తం చెప్పిన, ఆస్ట్రేలియా, ఐదు దినాలు, పదివేల డాలర్లు పంచిపెట్టుడు, అన్నీ.

పైసలు పంచిన ముచ్చటకు "మంచిగ చేసిండు" అన్నడు, అంతే, పెద్దగ ఆశ్చర్యపోలే. రికార్డు అంటే ఏందో చెప్పనీకి పది నిమిషాలు పట్టింది. గాని తుఫాను ముంగట గొర్లను తోలినట్టు అనుకుంట ఉరికిండు తాతా అంటే మాత్రం నవ్విండు.

"వాన వచ్చేటప్పుడు గొర్రె ఉరకదు బిడ్డా, తల్కాయలు లోపలికి పెట్టి ఒక్క తాన కుప్ప పడ్తయి, ఎంత కొట్టినా కదలయి. గాయిన ఉరికింది గొర్ల యెంబడి కాదు, గొర్ల చుట్టు. రెండు వేల జీవాల చుట్టు." అని చెప్పి, కొంచెం సేపాగి, "కుక్కలు లేకుండెనా ఆయనకు?" అని అడిగిండు.

మెల్‌బోర్న్ అన్నా, ఉండెనా?